రోబో కొనాలా, సెషన్లు పెంచాలా? ఆటిజం ఉన్న పిల్లల ఇంట్లో ఒక లెక్క

మా బావ ఫోన్‌కి ఒక వీడియో పంపించాడు. తెల్లటి బొమ్మ ఒకటి తల తిప్పి, కళ్ళు వెలిగించి, ఎదురుగా కూర్చున్న పిల్లవాడితో చప్పట్లు కొట్టిస్తోంది. కింద ఆయన మెసేజ్: "ఏమప్పా, మనోనికి ఇది తెస్తే ఎట్లుంటుంది?"

మనోడంటే మా అక్క కొడుకు. ఆరేళ్ళు. కర్నూలు సి క్యాంపులో ఇల్లు. మూడో ఏట ఆటిజం అని తేలింది. మాటలు కొన్నే వచ్చు: నీళ్ళు, వద్దు, ఫ్యాన్. ఫ్యాన్ అంటే ప్రాణం, కుక్కర్ విజిల్ అంటే హడల్. వాడి కోసం మా అక్క మూడేళ్ళుగా పప్పు గిన్నెలోనే ఉడకబెడుతోంది.

బావకు వెంటనే జవాబు చెప్పలేకపోయాను. తర్వాత రెండు నెలలు ఇదే పనిగా తిరిగాను. రోబోతో సెషన్లు చేసే ఒక సెంటర్‌కు బెంగళూరు వెళ్ళి, వాడినీ కూర్చోబెట్టి చూశాం. అనంతపురంలో, కడపలో ఇదే ఆలోచనలో ఉన్న తల్లిదండ్రులతో మాట్లాడాను. చివరికి నాకు అర్థమైనదేమిటంటే, ఏ రోబో కొనాలన్నది రెండో ప్రశ్న. పిల్లవాడి పక్కన ఎవరు కూర్చుంటారన్నది మొదటి ప్రశ్న. దానికి జవాబు లేకుండా డబ్బు కడితే ఆ బొమ్మ నెల తిరిగేలోపు బీరువా ఎక్కుతుంది.

అసలు రోబో ఎందుకు పనిచేస్తుంది?

మన మొహం ఈ పిల్లలకు చాలా పెద్ద లెక్క. కళ్ళు, కనుబొమలు, పెదవులు, గొంతు అన్నీ ఒకేసారి మారిపోతుంటాయి. పొద్దున "నీళ్ళు తాగు నాన్నా" అన్న గొంతు, సాయంత్రం అలసిపోయి అంటే వేరుగా ఉంటుంది. రోబో అలా మారదు. ఇరవై సార్లు "నమస్తే" అంటే ఇరవై సార్లూ ఒకేలా అంటుంది. విసుక్కోదు, తొందరపెట్టదు. తర్వాత ఏం జరుగుతుందో ముందే తెలిసిపోతుంటే చాలామంది ఆటిజం పిల్లలకు భయం తగ్గుతుంది. ఇంగ్లండ్‌లో హెర్ట్‌ఫర్డ్‌షైర్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2005 నుంచి తయారుచేస్తున్న కాస్పర్ రోబోకు మొహం కావాలనే అంత సాదాగా పెట్టారు. దాన్ని గట్టిగా గిచ్చితే నొప్పిగా ఉందంటుంది. మెల్లగా ముట్టుకోవాలని పిల్లలకు అలా నేర్పిస్తారు.

ఫలితాల సంగతికొస్తే, అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2018లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. 6 నుంచి 12 ఏళ్ళ పిల్లలు 12 మంది. ఒక్కొక్కరి ఇంట్లో నెలరోజులు రోబో పెట్టారు, రోజుకు అరగంట ఆట. ఇంట్లో పెద్దవాళ్ళూ ఆ అరగంట పక్కనే కూర్చున్నారు. ఒకే వస్తువును ఇద్దరూ కలిసి చూడడం, అంటే చందమామను చూపించి మళ్ళీ మన మొహం వైపు చూస్తారే, అది మెరుగైంది. అది కూడా రోబోతో కాదు, మనుషులతో. ఇక్కడివరకు అందరూ చెబుతారు. రోబోను తీసుకెళ్ళిన నెల తర్వాత చూస్తే ఆ మెరుగుదలలో కొంత జారిపోయిందన్న సంగతి మాత్రం అమ్మేవాళ్ళ నోట వినలేదు.

యూరప్‌లో డ్రీమ్ అనే పెద్ద ప్రాజెక్టు 61 మంది పిల్లలతో 300 గంటలకు పైగా థెరపీ సెషన్లను రికార్డు చేసింది. అందులోనూ రోబో ఒంటరిగా ఏ పిల్లవాడికీ పాఠం చెప్పలేదు. గదిలో మనిషి ఉన్నాడు.

ఏం చూడాలి?

పక్కన కూర్చునే మనిషి గురించి చెప్పాను కదా. దాని తర్వాత నా లెక్కలో భాష. ఈ రోబోలు ఎక్కువగా ఇంగ్లీషులోనే మాట్లాడతాయి. మన ఇంట్లో అవ్వ "దా నాయనా, బువ్వ తిందువు" అంటుంటే, బొమ్మ మాత్రం అమెరికా యాసలో "హలో ఫ్రెండ్" అంటుంది. ఉన్న నాలుగు మాటలే గట్టిపడని పిల్లవాడి మీద ఇంకో భాష పెట్టడమెందుకో ఆలోచించాలి. కొన్నింటిలో మన గొంతు రికార్డు చేసి పలికించుకోవచ్చు. ఆ వీలుందో లేదో ముందే అడగండి. ఇంకో చిక్కుంది. పిల్లల మాట స్పష్టంగా లేకపోతే రోబోకి అర్థం కాదు. "మళ్ళీ చెప్పు" అని అది మూడుసార్లు అడిగేసరికి మనవాడికి టెన్షన్.

మూడోది శబ్దం, వెలుతురు. చెయ్యెత్తినా, తల తిప్పినా మోటారు చప్పుడు వస్తుంది. వీడియోలో పాట పెట్టేస్తారు కాబట్టి అది మనకు వినపడదు. బెంగళూరులో ఆ రోబో లేచి నిలబడుతుంటే వచ్చిన కిర్రుమనే శబ్దానికి మావాడు రెండు చెవులూ మూసుకుని బావ చొక్కాలోకి దూరిపోయాడు. పది నిమిషాలు పట్టింది బయటికి రావడానికి.

ఖర్చు గురించి ఆలోచించేటప్పుడు కొన్న ధర ఒక్కటే చూడకండి. నెల చందా ఉందా, రిపేరు ఎక్కడ చేస్తారు, నెట్ పోతే పనిచేస్తుందా అనేవి కూడా ధరలో భాగమే. ఇంట్లో కెమెరా, మైకు ఉన్న వస్తువు పెడుతున్నాం కాబట్టి ఆ వీడియోలు ఎక్కడికి వెళ్తున్నాయో అడగడం మన హక్కు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటోంది.

నాలుగు దారులు, ఒక చూపులో

| | సెంటర్‌లో రోబో | ఇంటికి తోడు రోబో | టాబ్లెట్ యాప్, ఆటబొమ్మలు | తల్లిదండ్రుల శిక్షణ, థెరపిస్టు |
|---|---|---|---|---|
| పక్కన మనిషి | థెరపిస్టు ఉంటారు | మనమే | మనమే | అసలు పనే మనిషిది |
| తెలుగు | తక్కువ | తక్కువ | వెతికితే దొరుకుతుంది | ఇంటి మాటే |
| ఖర్చు | ఫీజుతో పాటు ప్రయాణం | వేలల్లో, పైన చందా | తక్కువ, కొన్ని ఉచితం | సెషన్ ఫీజు, మన సమయం |
| చెడిపోతే | సెంటర్ చూసుకుంటుంది | మన నెత్తినే | మార్చుకోవచ్చు | ఆ బాధ లేదు |
| మన ఊళ్ళో | కష్టం | ఆన్‌లైన్‌లో | ఇప్పుడే | ఎంతో కొంత ఉంది |

సెంటర్‌లో రోబో

ఎక్కువ పరిశోధన జరిగింది ఈ రకం మీదే. ఫ్రాన్స్‌లో పుట్టిన నావో 58 సెంటీమీటర్ల ఎత్తుంటుంది, నడుస్తుంది, చేతులాడిస్తుంది. అమెరికా నుంచి మైలో, లక్సెంబర్గ్ నుంచి క్యూటీరోబోట్ వచ్చాయి. వీటి ధర మన ఇళ్ళు మోసేది కాదు. నావో లాంటిది లక్షల్లో ఉంటుంది. అందుకే వీటిని సెంటర్లు, విశ్వవిద్యాలయాలు కొంటాయి, మనం సెషన్‌కు ఫీజు కడతాం.

ఒక సంగతి తెలుసుకుని వెళ్ళండి. చాలా సెషన్లలో రోబో తనంతట తాను ఆలోచించదు. ఎవరో టాబ్లెట్ పట్టుకుని ఏ మాట అనాలో, ఎప్పుడు చెయ్యూపాలో నొక్కుతుంటారు. ఇది మోసం కాదు. ఆ నొక్కే మనిషికి మీ పిల్లవాడు తెలిసి ఉంటే సెషన్ బాగుంటుంది, తెలియకపోతే తోలుబొమ్మలాటే. మావాడి సెషన్‌లో నేను గమనించింది ఇదే. చెవులు మూసుకోవడం అయ్యాక, అక్క డబ్బాలో తెచ్చిన ఉగ్గాని తీసి తినిపించబోయింది. వాడు ఒక పిడికెడు తీసుకుని రోబో చేతి దగ్గర పెట్టాడు. రోబో ఏమీ అనలేదు, ఉగ్గాని పెడితే ఏమనాలో అందులో ఎవరూ రాయలేదు మరి. ఆ థెరపిస్టు అమ్మాయి మాత్రం ఒక్క క్షణం కూడా వదల్లేదు. కిందకు వంగి, చెయ్యి చాపి, "దానికి ఆకలి లేదంట. నాకు పెడతావా?" అంది. వాడు రోబో వైపు చూశాడు, ఆమె చెయ్యి వైపు చూశాడు, ఆమె మొహం వైపు చూశాడు. ఉగ్గాని ఆమె చేతిలో పెట్టాడు. మేం కట్టిన ఫీజంతా ఆ ఒక్క చూపుకే చెల్లిపోయిందనిపించింది. ఆ చూపును తెప్పించింది రోబోనా, ఆ అమ్మాయా అంటే, ఇద్దరూ కలిసి. అక్కడ రోబో లేకపోయి ఉంటే వాడు అసలు చెయ్యి చాపేవాడో లేదో. అమ్మాయి లేకపోయి ఉంటే మాత్రం ఉగ్గాని నేల మీద పడేది.

ఈ దారితో పెద్ద ఇబ్బంది దూరం. అనంతపురం నుంచి బెంగళూరైనా, కర్నూలు నుంచి హైదరాబాదైనా రెండొందల కిలోమీటర్ల పైమాటే. వారానికి ఒకసారి ఆ ప్రయాణం పెట్టుకుంటే పిల్లవాడి నిద్ర, తిండి, స్కూలు అన్నీ చెదురుతాయి. కొత్త ఊరు, కొత్త గది, హారన్లు దాటుకుని వాడు సెషన్‌లో కూర్చునేసరికే సగం శక్తి అయిపోతుంది.

ఇంటికి తోడు రోబో

అందరూ ఆశపడేది దీనికే, నాకు ఎక్కువ అనుమానం ఉన్నదీ దీని మీదే. పిల్లల కోసమని వచ్చిన మోక్సీ అనే రోబోను అమెరికాలో 799 డాలర్లకు అమ్మారు. అది ఇంటర్నెట్ మీద ఆధారపడి మాట్లాడేది. 2024 డిసెంబర్‌లో, డబ్బులు అందక మూసేస్తున్నామని ఆ కంపెనీ ప్రకటించింది. ఈ సంగతి పిల్లలకు ఎలా చెప్పాలో వివరిస్తూ తల్లిదండ్రులకు ఒక ఉత్తరం కూడా ఇచ్చారు. దానికి ముందు 2019లో జిబో అనే ఇంటి రోబో, తన సర్వర్లు ఆపేస్తున్నారని తానే వీడ్కోలు చెప్పింది. అంతెందుకు, నావోను తయారుచేసిన అల్డెబరాన్ కూడా 2025లో దివాలా తీసి, దాని ఆస్తులు చైనా కంపెనీ చేతికి వెళ్ళాయి. మామూలు పిల్లలకైతే బొమ్మ పాడైందంటే రెండు రోజుల ఏడుపు. రోజూ సాయంత్రం అయిదింటికి అదే బొమ్మ, అదే పలకరింపు అలవాటైన ఆటిజం పిల్లవాడికి అది ఒక్కసారిగా ఆగిపోతే? మావాడికి పాత ఫ్యాన్ మార్చినందుకే పదిరోజులు నిద్ర లేదు.

మన దేశంలో తయారైన మికో లాంటివి కొంచెం అందుబాటు ధరలో దొరుకుతాయి. అవి పిల్లలందరి కోసం చేసిన ఆట, చదువు రోబోలు. ఆటిజం థెరపీ పరికరాలు కావు. అలాగని పనికిరావనడం లేదు. మాటలు బాగానే వచ్చి, ఇంగ్లీషు అర్థమై, కబుర్లకు స్నేహితులు లేని తొమ్మిదేళ్ళ పిల్లకు అది సరదాగా ఉండొచ్చు. కడపలో ఒక తల్లి చెప్పింది, వాళ్ళమ్మాయి ఇంటి రోబోకు రోజూ బస్సు నంబర్లన్నీ చెబుతుందట. "ఒకటికి పదిసార్లు మేం వినలేం కదన్నా" అంది నవ్వుతూ. అంతవరకైతే మంచిదే. కానీ ఆ పిల్ల బస్సు నంబర్లు ఇప్పటికీ తరగతిలో ఎవరికీ చెప్పడం లేదు. రోబోతో వచ్చింది రోబో దగ్గరే ఆగిపోవడమంటే ఇదే.

టాబ్లెట్ యాప్, మామూలు ఆటబొమ్మలు

మాట రాని పిల్లలకు బొమ్మలు నొక్కి మాట పలికించే యాప్‌లున్నాయి. ఐఐటీ బాంబే వాళ్ళ జెల్లో ఉచితం. చెన్నైలో పుట్టిన ఆవాజ్ డబ్బు పెట్టి కొనేది. ఇలాంటివి భారతీయ భాషలను దృష్టిలో పెట్టుకుని చేసినవి. యాప్ వాడితే నోటి మాట రాదేమోనని మా అమ్మ కూడా భయపడింది, ఆ భయం అక్కర్లేదు. ఇందులో రోబో ఆకర్షణ లేదు, కానీ మాట పిల్లవాడి వైపు నుంచి వస్తుంది. రోబో అడిగితే వాడు జవాబు చెబుతాడు. యాప్‌తో అయితే "నాకు నీళ్ళు కావాలి" అని వాడే మొదలుపెడతాడు. మాట తక్కువున్న పిల్లలకు, నా మట్టుకు, రోబో కంటే ఇదే ముందు.

జాగ్రత్త ఒక్కటే. అదే టాబ్లెట్‌లో యూట్యూబ్ ఉంటే అది మాట యంత్రం కాదు, కార్టూన్ డబ్బా అయిపోతుంది. మాట కోసం వేరే పాత ఫోన్ పెట్టుకోండి. ఆటబొమ్మల సంగతి చెప్పడానికి ఎక్కువేం లేదు. కీ ఇస్తే నడిచే బొమ్మ, బుడగలు ఊదే సీసా చాలు. మనం ఊది ఆగి, వాడు మన వైపు చూసేదాకా వేచి, మళ్ళీ ఊదడం. రోబో చేసే వంతుల ఆట యాభై రూపాయల్లో అయిపోతుంది.

మనుషుల దారి

ఈ దారికి మెరిసే వీడియోలుండవు కాబట్టి పెద్దగా ఎవరూ చెప్పరు. గోవాలోనూ, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ కలిపి జరిపిన పాస్ అనే ప్రయోగం 2016లో వెలువడింది. పెద్ద డిగ్రీలు లేని కార్యకర్తలకు తర్ఫీదు ఇచ్చి, వాళ్ళ చేత తల్లిదండ్రులకు నేర్పించారు. తల్లి, బిడ్డ ఆడుకునేది వీడియో తీసి, ఇద్దరూ కూర్చుని చూసి, ఎక్కడ ఆగాలో, ఎక్కడ మాట కలపాలో మాట్లాడుకోవడం. పన్నెండు సెషన్లు. తల్లిదండ్రులు పిల్లల దారిలోకి వెళ్ళి స్పందించడం పెరిగింది, పిల్లలు తమంతట తాము మొదలుపెట్టడమూ పెరిగింది. దీనికి కావలసింది ఒక ఫోన్ కెమెరా, చూసి చెప్పే ఒక మనిషి.

ఆ మనిషి కోసం మన జిల్లాల్లో ఎక్కడ వెతకాలి? పిల్లల ఆరోగ్య పరీక్షల పథకం ఆర్‌బీఎస్‌కే కింద జిల్లా స్థాయిలో ఏర్పాటు చేసే డీఈఐసీ కేంద్రాల (ఎదుగుదల లోపాలను ముందే గుర్తించి సాయం చేసేవి) గురించి పెద్దాసుపత్రిలో అడగండి. మండలాల్లో సమగ్ర శిక్ష కింద భవిత కేంద్రాలున్నాయి, అక్కడ ప్రత్యేక అవసరాల పిల్లలకు నేర్పే టీచర్లుంటారు. అనంతపురం వైపు 1969 నుంచి ఉన్న స్వచ్ఛంద సంస్థ ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్), వైకల్యం ఉన్న పిల్లల కోసం ప్రత్యేక పాఠశాలలు నడుపుతోంది. పూర్తి అంచనా కావాలంటే సికింద్రాబాద్‌లో మేధో వైకల్యాల జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీ, బెంగళూరులో మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్స్. ఆ ప్రయాణం ఒకటి రెండుసార్లు పెట్టుకోవచ్చు, వారం వారం అక్కర్లేదు.

ఈ దారికీ లోపం ఉంది. అంతా తల్లి మీద పడుతుంది. పొద్దున వంట, మధ్యాహ్నం థెరపీ, రాత్రి నిద్రపోని బిడ్డ. పైగా "నువ్వు సరిగ్గా చెయ్యడంలే" అనే చుట్టాలు. మా అక్క ఒకరోజు ఫోన్‌లో అంది: "రోబో అయితే దానికి విసుగు రాదు కదరా, నాకొస్తాంది." ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. రోబో వైపు మొగ్గే తల్లిదండ్రులను తేలిగ్గా చూడకండి. వాళ్ళు అడుగుతున్నది చాలాసార్లు ఒక అరగంట ఊపిరి.

మీ ఇంటికి ఏది?

మూడేళ్ళ లోపు పిల్లలైతే రోబో ఆలోచనే వద్దు. డబ్బూ సమయమూ తల్లిదండ్రుల శిక్షణకే.

నాలుగు నుంచి ఏడేళ్ళు, మాట తక్కువ. మావాడి సంగతి ఇదే. ముందు మాట యాప్, స్పీచ్ థెరపీ, ఓటీ (రోజువారీ పనులు నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ). సెంటర్‌లో రోబో సెషన్లు వేసవి సెలవుల్లో ఒక విడతగా చేయిస్తే చాలు, అదీ ఆ థెరపిస్టు ఇంట్లో ఏం చేయాలో మీకు నేర్పిస్తానంటేనే.

ఎనిమిదేళ్ళు దాటి, మాటలున్నాయి, యంత్రాలంటే ఇష్టం, కానీ మనుషులతో వంతు తీసుకోవడం, ఎదుటివాళ్ళ కోపం, సంతోషం గుర్తుపట్టడం కష్టం. రోబో సెషన్ల వల్ల ఎక్కువ లాభం వీళ్ళకే అనిపించింది. తోబుట్టువునో, స్నేహితుడినో కూడా అదే సెషన్‌లో కూర్చోబెట్టమని అడగండి.

శబ్దానికి భయపడే పిల్లలైతే చప్పుడుతో ఒకసారి చూపించకుండా ఏదీ కొనకండి.

ఆదోని, రాయదుర్గం, జమ్మలమడుగు లాంటి చోట్ల ఉండి దగ్గర్లో సెంటరే లేనివాళ్ళు ఇంటి రోబోతో ఆ లోటు తీరుతుందనుకుంటారు. తీరదు. సెషన్‌కు 500 అనుకున్నా 25 వేల రోబోకు 50 సెషన్లు. భవిత టీచర్‌తో మాట్లాడి, వారానికి ఒకసారి వీడియో కాల్‌లో థెరపిస్టుకు మీ ఆట చూపించుకునే ఏర్పాటు చేసుకుంటే ఏడాదిపాటు ఒక మనిషి తోడుంటుంది.

సెంటర్ లేదా స్పెషల్ స్కూలు నడిపేవాళ్ళ లెక్క వేరు. పదిహేను, ఇరవై మంది పిల్లలకు ఒక రోబో అంటే ఖర్చు పంచుకున్నట్టే. అయినా కొనేముందు ఆ డబ్బుతో రెండేళ్ళు ఇంకో స్పెషల్ ఎడ్యుకేటర్‌కు జీతం ఇవ్వగలరేమో చూసుకోండి.

డబ్బు విషయంలో ఇంకొక్క మాట. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్, దివ్యాంగుల గుర్తింపు కార్డు యూడీఐడీ చేయించండి. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు ఉంటుంది, అందులో థెరపీ ఖర్చులకు కొంత వస్తుంది. రోబో కొనడానికి అప్పు చేద్దామనుకునేవాళ్ళు ముందు ఈ కాగితాలు తెచ్చుకోండి.

పరీక్షగా చూడాలంటే

ఏ దారి పట్టినా ఒక నోటుబుక్ పెట్టండి. మొదలుపెట్టే ముందు వారం రోజులు ఒకే ఒక విషయం లెక్కపెట్టండి. ఉదాహరణకు, ఏదైనా కావలసినప్పుడు వాడు మన మొహం వైపు రోజుకు ఎన్నిసార్లు చూశాడు. తర్వాత నాలుగు వారాలు అదే లెక్క, కానీ రోబో గదిలో కాదు. వంటింట్లో, అంగడి దగ్గర, అవ్వ దగ్గర. అక్కడ మార్పు లేకపోతే సెంటర్‌లో ఎంత బాగా చేసినా, ఎంత అందమైన వీడియో పంపినా, ఇంకో నెల ఫీజు కట్టే ముందు థెరపిస్టును అడగండి.

బావ రోబో కొనలేదు, కొననని కూడా అనలేదు. వేసవిలో ఇంకో విడత బెంగళూరు వెళ్దామంటున్నాడు. అక్క నోటుబుక్‌లో పోయిన మంగళవారం దగ్గర ఒక గీత, పక్కన పెన్సిల్‌తో చిన్న అక్షరాలు: కరెంటు పోయింది. ఫ్యాన్ ఆగింది. నా వైపు చూసి "ఫ్యాన్" అన్నాడు.